సెల్లో నేర్చుకుంటారా? తొలి 90 రోజులు ఇలా!

‘చదువు కాకుండా ఇంకేం చేస్తుంటారు?’ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురైతే చాలామంది పాటలు వింటాననో, క్రికెట్ చూస్తాననో చెప్పి ఊరుకుంటారు. కొందరికి మాత్రం నిజంగానే ఏదైనా వాద్యం నేర్చుకోవాలని మనసులో ఉంటుంది. గిటారు, కీబోర్డు అందరూ పడుతున్నారు కదా, కొత్తగా ఏదైనా పడదాం అనుకునేవాళ్ల చూపు ఈమధ్య సెల్లో మీద పడుతోంది. కానీ అటు ప్లేస్‌మెంట్లు, ఇటు పోటీ పరీక్షలు. చేతిలో ఉన్న సమయం, డబ్బు రెండూ తక్కువే. ఇంట్లో వాళ్ల మొదటి ప్రశ్న ఎలాగూ తెలిసిందే: ‘దాంతో ఉద్యోగం వస్తుందా?’

సూటిగా చెప్పుకోవాలంటే, తొందరలో రాదు. అయినా నేర్చుకోవచ్చా? నేర్చుకోవచ్చు. దేనికోసం మొదలుపెడుతున్నారో, ఎక్కడిదాకా వెళ్లాలనుకుంటున్నారో ముందే తేల్చుకుంటే సమయమూ వృథా కాదు, డబ్బూ వృథా కాదు. తేల్చుకోకుండా దిగితే మాత్రం రెండూ పోతాయి. ఆ నిర్ణయానికి పనికొచ్చే విషయాలు ఇవి.

అసలు సెల్లో అంటే?

వయొలిన్‌కి పెద్దన్న అనుకోండి. ఆకారం అదే, కానీ నిలువెత్తు దాదాపు 4 అడుగులు. భుజం మీద పెట్టుకోవడం కుదరదు కాబట్టి కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య ఆనించి వాయిస్తారు. కింద ఒక ఇనుప మొన నేలకు ఆని ఉంటుంది. దాన్నే ఎండ్‌పిన్ అంటారు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టైటిల్ సంగీతం విన్నారా? అందులో ముందుకొచ్చి వినిపించే గంభీరమైన తీగల స్వరం దీనిదే. మనిషి గొంతుకు దగ్గరగా ఉంటుందని చాలామంది చెప్పే వాద్యం ఇది.

తీగలు నాలుగు. కింది స్థాయి నుంచి పైకి సి, జి, డి, ఎ. కర్ణాటక సంగీతంతో కాస్త పరిచయం ఉన్నవాళ్లకు ఇంకా సులభంగా అర్థమవుతుంది: ఏ తీగనైనా ‘స’ అనుకుంటే దాని పై తీగ ‘ప’ అవుతుంది. అన్నిటికన్నా పైనున్న ఎ తీగను సాధారణంగా 220 హెర్ట్జ్‌కు శ్రుతి చేస్తారు.

వయొలిన్ కూడా మన వాద్యం కాదు. బాలుస్వామి దీక్షితార్ కాలంలో కర్ణాటక సంగీతంలోకి వచ్చింది. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు లాంటి విద్వాంసుల చేతుల్లో పూర్తిగా మనదైపోయింది. సెల్లోకి మన దగ్గర ఇంకా అలాంటి పరంపర ఏర్పడలేదు. హిందుస్థానీలో మాత్రం ప్రయత్నాలు జరిగాయి. నెదర్లాండ్స్‌లో పుట్టి ఢిల్లీలో స్థిరపడిన సాస్కియా రావ్-ద-హాస్, కింద కూర్చుని వాయించేలా, తరఫ్ తీగలతో భారతీయ సెల్లోను రూపొందించుకున్నారు. తెలుగు రాష్ట్రాల్లో వయొలిన్ గురువు దొరికినంత తేలిగ్గా సెల్లో గురువు దొరకడు. మొదటి అడ్డంకి ఇదే.

మెట్లు లేని వాద్యం

వీణకు మెట్లుంటాయి. గిటారుకు ఫ్రెట్లుంటాయి. వేలు కాస్త అటూ ఇటూ పడినా స్వరం సరిగ్గానే పలుకుతుంది. సెల్లోకి అవేమీ ఉండవు. నల్లటి పలక మీద ఏ స్వరం ఎక్కడుందో వేలికి తెలియాలి, సరిగ్గా పడిందో లేదో చెవి చెప్పాలి.

పైగా దూరాలు ఎక్కువ. వయొలిన్ తీగ మోగే పొడవు దాదాపు 33 సెంటీమీటర్లయితే, సెల్లోది 69 దాకా ఉంటుంది. అంటే డి తీగ మీద మొదటి స్వరం కోసం చూపుడువేలు పైనుంచి సుమారు 7.5 సెంటీమీటర్ల దూరంలో పడాలి. అక్కణ్నుంచి చిటికెనవేలి దాకా మరో 10 సెంటీమీటర్లు చెయ్యి చాచాలి. ఇందులో అర సెంటీమీటరు తేడా వచ్చినా పక్కవాళ్లకు ‘ఏదో తేడాగా ఉందే’ అని తెలిసిపోతుంది.

భయపడాల్సిన పనిలేదు. తప్పును పట్టిచ్చే ఏర్పాటు ఈ వాద్యంలోనే ఉంది. డి తీగ మీద నాలుగో వేలితో జి స్వరం వాయించండి. అది సరిగ్గా పడితే, మీరు ముట్టుకోని కింది జి తీగ కూడా దానంతటదే కంపిస్తుంది. శబ్దం ఒక్కసారిగా నిండుగా మారుతుంది. వేలు పక్కకు పడితే ఆ తీగ మౌనంగా ఉండిపోతుంది, శబ్దం బోలుగా వస్తుంది. ఎ తీగ మీద నాలుగో వేలికీ, ఖాళీ డి తీగకూ ఇదే సంబంధం. గురువు పక్కన లేకపోయినా తీగే మార్కులు వేస్తుందన్నమాట.

సెల్లో మొదటి ఏడాది మీకు నేర్పేది పాటలు కాదు. మీ తప్పును మీరే విని, అది ఎక్కడుందో వెతికి, నెమ్మదిగా సరిచేసుకోవడం. ఈ పని నచ్చితే సెల్లో మీకు నచ్చుతుంది. ‘నెలలో నాలుగు పాటలు వచ్చేయాలి’ అనుకుంటే కీబోర్డు వైపు వెళ్లడం మంచిది. అందులో తప్పేమీ లేదు.

కొనకండి... అద్దెకు తీసుకోండి

ప్రారంభ స్థాయి సెల్లో కొనాలన్నా ఒక మామూలు ల్యాప్‌టాప్ కొన్నంత పని. దానికి కమాను, కవరు, రోజిన్, అప్పుడప్పుడూ మార్చాల్సిన తీగలు అదనం. తీగల సెట్టు కూడా గిటారు తీగలంత చవక కాదు. అందుకే మొదటి మూడు నెలలు అద్దెకు తీసుకోవడమే తెలివైన పని. సంగీత పాఠశాలలో గానీ, గురువు దగ్గర గానీ, వాద్యాల దుకాణంలో గానీ అడిగి చూడండి. ఫీజు బాకీలున్నప్పుడు, ఇంట్లో మీ జీతం కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఈఎంఐ మీద సెల్లో కొనడం అస్సలు వద్దు. ఉద్యోగంలో చేరాక కొనుక్కోవచ్చు. అది ఎక్కడికీ పోదు.

తీసుకునే ముందు నాలుగు విషయాలు చూడండి.

- సైజు: పిల్లలకు పావు, అర, ముప్పావు సైజులుంటాయి. పెద్దవాళ్లలో చాలామందికి పూర్తి సైజే సరిపోతుంది. చేతులు బాగా చిన్నవైతే ముప్పావు సైజు గురించి గురువును అడగండి.
- బిరడలు: తిప్పితే తిరగాలి, వదిలితే నిలబడాలి. జారిపోతుంటే రోజూ శ్రుతి చేయడానికే పావుగంట పోతుంది.
- తీగల ఎత్తు: పలకకు మరీ ఎత్తుగా ఉంటే కొత్తవాళ్ల వేళ్లు నొప్పి పుడతాయి. దీన్ని దుకాణంలోనే సరిచేయించుకోవచ్చు.
- బ్రిడ్జి: దీన్ని జిగురుతో అంటించరు, తీగల బిగువుతోనే నిలబడుతుంది. నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేస్తే అది పడిపోతుంది. లోపలుండే సౌండ్‌పోస్ట్ అనే చిన్న కర్ర కూడా పడిపోవచ్చు. తీగలు మార్చాలంటే ఒక్కొక్కటిగానే మార్చాలి.

మన ఇళ్లకు, మన ఎండలకు తగ్గ జాగ్రత్తలూ ఉన్నాయి. టైల్స్ నేల మీద ఎండ్‌పిన్ జర్రున జారుతుంది. కుర్చీ కాలికి కట్టే పట్టీ గానీ, మొన కింద పెట్టే రబ్బరు బిళ్ల గానీ తప్పనిసరి. ఎండలో ఆపిన కారులో సెల్లోను వదిలేయకండి. వేడికి జిగురు మెత్తబడి అతుకులు ఊడతాయి. వాయించడం అయ్యాక కమాను మరను వదులు చేయాలి, తీగల మీద పడిన రోజిన్ పొడిని మెత్తటి గుడ్డతో తుడవాలి. కమానుకు ఉండేది గుర్రపు వెంట్రుకలు. వాటిని చేత్తో తాకితే జిడ్డు అంటుకుని పట్టు పోతుంది. హాస్టల్లో ఉంటే బ్రిడ్జి మీద తగిలించే రబ్బరు మ్యూట్ ఒకటి కొనుక్కోండి. శబ్దం బాగా తగ్గుతుంది, రూమ్మేట్‌తో స్నేహమూ నిలబడుతుంది.

తొలి 90 రోజుల ప్రణాళిక

మొదటి నెల: కూర్చోవడం, కమాను పట్టడం. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. కుర్చీ అంచున నిటారుగా కూర్చోవాలి. పాదాలు రెండూ నేలకు ఆనాలి. సెల్లో పైభాగం ఛాతీకి తేలిగ్గా ఆనాలి. మోకాళ్లతో బిగించి పట్టుకోకూడదు. కుడిచేతి బొటనవేలు కాస్త వంగి, మధ్యవేలికి ఎదురుగా కమాను కింద ఉండాలి. శబ్దం రావాలని చాలామంది కమానును నొక్కేస్తారు. నొక్కితే గీపెడుతుంది. చేతి బరువును తీగ మీద వదిలితే మోగుతుంది. కమాను ఎప్పుడూ బ్రిడ్జికి సమాంతరంగానే నడవాలి. ఇది అద్దం ముందు చూసుకుంటే తప్ప తెలియదు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఖాళీ తీగల మీద నిదానంగా కమాను లాగడమే ఈ నెల పాఠం.

రెండో నెల: ఎడమచేతి వేళ్లు. మొదటి స్వరావళిగా డి మేజర్ నేర్పడం మామూలు. మన లెక్కలో అది శంకరాభరణం. డి తీగ ఖాళీగా వాయిస్తే స. ఒకటో వేలితో రి, మూడో వేలితో గ, నాలుగో వేలితో మ. తర్వాత ఎ తీగ ఖాళీగా ప. మళ్లీ అవే వేళ్లతో ద, ని, పై స. రెండు తీగల మీదా వేళ్ల వరస ఒక్కటే కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక. సరళీ స్వరాలు వచ్చినవాళ్లకు చెవి ముందే సిద్ధంగా ఉంటుంది. వాళ్లకు ఇది పెద్ద లాభం.

మూడో నెల: చిన్న చిన్న పాటలు, స్వరలిపి. సెల్లో సంగీతాన్ని ఎక్కువగా బాస్ క్లెఫ్‌లో రాస్తారు. యూట్యూబ్ చూసి వేళ్లు పెట్టడం అలవాటైతే చదవడం ఎప్పటికీ రాదు. రోజూ ఐదు నిమిషాలైనా కాగితం చూసి వాయించండి. ముందుముందు ఏ బృందంలో కూర్చోవాలన్నా అడిగేది ఇదే.

రోజుకు అరగంట చాలు. 5 నిమిషాలు శ్రుతి, ఖాళీ తీగలు. 10 నిమిషాలు స్వరావళి. 10 నిమిషాలు పాటలో మీకు కుదరని రెండు మూడు గడులు మాత్రమే. చివరి 5 నిమిషాలు మీకు నచ్చింది వాయించుకోవడానికి. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా రోజూ అరగంట మేలు. వారానికోసారి ఫోన్లో ఒక నిమిషం రికార్డు చేసి తేదీతో దాచండి. వాయిస్తున్నప్పుడు వినపడని తప్పులు రికార్డింగులో వినపడతాయి. ఎనిమిదో వారంలో మొదటి వారంది వింటే ఎంత దూరం వచ్చారో మీకే తెలుస్తుంది.

వేలి కొసలు కొన్నాళ్లు మండటం మామూలే. మణికట్టు, బొటనవేలి కీలు, భుజం నొప్పి పుడితే మాత్రం మామూలు కాదు. ఎక్కడో బిగపట్టి వాయిస్తున్నారని అర్థం. అక్కడితో ఆపి గురువుకు చూపించాలి. ఎడమచేతి బొటనవేలితో సెల్లో మెడను పిసికేయడం కొత్తవాళ్లందరికీ ఉండే అలవాటే.

ఆన్‌లైన్ క్లాసులు సరిపోతాయా? మొదటి నాలుగైదు క్లాసులు మాత్రం ఎదురుగా కూర్చునే నేర్చుకోండి. చేతి కోణం, భుజం బిగువు కెమెరాలో పూర్తిగా కనపడవు. వేరే ఊరు వెళ్లాల్సి వచ్చినా సరే. ఆ తర్వాత ఆన్‌లైన్‌తో నెట్టుకురావచ్చు. దగ్గర్లో సెల్లో గురువు లేకపోతే పాశ్చాత్య పద్ధతి తెలిసిన వయొలిన్ గురువు దగ్గర స్వరలిపి, శ్రుతిజ్ఞానం మొదలుపెట్టొచ్చు. కూర్చునే తీరు, కమాను పట్టు మాత్రం సెల్లో తెలిసినవాళ్లే నేర్పాలి.

సర్టిఫికెట్ల సంగతి

లండన్ కేంద్రంగా పనిచేసే ఏబీఆర్‌ఎస్‌ఎం, ట్రినిటీ కాలేజ్ సంస్థల గ్రేడ్ పరీక్షలు మన దేశంలోనూ రాయొచ్చు. వీడియో రికార్డు చేసి పంపే పద్ధతి కూడా ఉంది. గ్రేడ్లు 8. ఏబీఆర్‌ఎస్‌ఎంలో 6వ గ్రేడు, ఆపై వాద్య పరీక్షలకు వెళ్లాలంటే సాధారణంగా ముందు 5వ గ్రేడు థియరీ పాసవ్వాలి. ట్రినిటీలో ఆ నిబంధన లేదు. రోజూ సాధన చేసేవాళ్లకు కూడా ఒక్కో గ్రేడుకు ఏడాది పట్టడం సాధారణం.

సర్టిఫికెట్ వల్ల లక్ష్యం, గడువు ఏర్పడతాయి. అంతకుమించి ఆశించకండి. 8వ గ్రేడు పూర్తిచేసినా అది ఉద్యోగ అర్హత కాదు. విదేశీ కన్సర్వేటరీల్లో సీటు కోసం ఆడిషన్‌కు వెళ్లేవాళ్లు దాదాపు ఆ స్థాయి నుంచే మొదలవుతారు.

ఉద్యోగాలు... ఉన్నదున్నట్టుగా

ఆర్కెస్ట్రా: మన దేశంలో పూర్తికాలం జీతమిచ్చే వృత్తి ఆర్కెస్ట్రా అంటే ముందు గుర్తొచ్చేది ముంబయిలోని ఎన్‌సీపీఏలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. అందులో కజకిస్థాన్ సహా పలు దేశాల కళాకారులు వాయిస్తారు. ఇలాంటి చోట కూర్చునేవాళ్లలో ఎక్కువమంది చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్లు. ఇరవై ఏళ్ల వయసులో మొదలుపెట్టి ఆ కుర్చీ అందుకోవడం చాలా కష్టం. ఈ మాట ఎవరైనా దాచి క్లాసు అమ్మితే నమ్మకండి.

రికార్డింగ్: సినిమా సంగీతంలో తీగల బృందాలకు చెన్నై పాత చిరునామా. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్లోని శాంపిల్స్‌తోనే తీగల శబ్దం నింపేస్తున్నారు. అయితే ఆ శబ్దానికి ప్రాణం రావడానికి పైన ఒకటి రెండు అసలు వాద్యాలు వాయించడం ఉంది. ఇక్కడ కావాల్సింది ఇచ్చిన కాగితం అప్పటికప్పుడు చూసి, హెడ్‌ఫోన్లో క్లిక్ వింటూ, శ్రుతి తప్పకుండా వాయించడం. పని రోజువారీగా ఉంటుంది, నెల జీతంలా ఉండదు.

బోధన: గురువులు తక్కువ కాబట్టి నేర్చుకున్నవాళ్లకు అవకాశముంది. కానీ మూడో గ్రేడుతో బోర్డు పెట్టేస్తే తర్వాతి తరానికి మీ తప్పులే అంటుతాయి. డిప్లొమా స్థాయి వచ్చాక పిల్లలకు నేర్పడం న్యాయం.

వాద్యం చుట్టూ ఉండే పనులు: ఇంజినీరింగ్, మల్టీమీడియా విద్యార్థులకు దగ్గరి దారి ఇదే. మ్యూజిక్ ప్రొడక్షన్, అరేంజింగ్, సౌండ్ ఇంజినీరింగ్, గేమ్ ఆడియో. తీగ మీద కమాను ఎటు వెళ్తుందో తెలిసినవాడు శాంపిల్స్‌తో చేసినా నిజంలా చేస్తాడు. వీటిలో సెల్లో మీ ప్రధాన అర్హత కాదు, మీ పనికి తోడయ్యే నైపుణ్యం. చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటి చోట్ల పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంతోపాటు మ్యూజిక్ టెక్నాలజీ కూడా నేర్పుతారు. చేరే ముందు ఫీజు, సెల్లో గురువు ఉన్నారా అన్నది నేరుగా అడిగి తెలుసుకోండి.

ఎంఎస్‌కు అమెరికా వెళ్లే ఆలోచన ఉందా? అక్కడి చాలా విశ్వవిద్యాలయాల్లో సంగీతం చదవని విద్యార్థులకూ ఆర్కెస్ట్రాలుంటాయి. కొన్నిచోట్ల వాద్యం అద్దెకిస్తారు. స్వరలిపి చదవగలిగి, కొన్నేళ్ల సాధన ఉంటే ఆడిషన్‌కు వెళ్లొచ్చు. కొత్త ఊళ్లో వారానికోసారి యాభైమందితో కలిసి కూర్చునే చోటు దొరకడం చిన్న విషయం కాదు.

రెజ్యూమెలో ఏం రాయాలి?

‘సెల్లిస్ట్’ అని రాయకండి. ‘ఆరు నెలలుగా సెల్లో నేర్చుకుంటున్నాను, రోజూ సాధన చేస్తాను’ అని రాయండి. ఎలా నేర్చుకుంటున్నారని అడిగితే చెప్పడానికి మీ దగ్గర నిజమైన జవాబుంటుంది. ఏ తప్పు పదేపదే వచ్చింది, ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు, ఎన్నాళ్లు పట్టింది... ఇవన్నీ పనిచేసే చోట కూడా అవసరమైన విషయాలే. కానీ ఒక్క షరతు. అది నిజంగా జరిగి ఉండాలి. రెండు క్లాసులకు వెళ్లి హాబీ గళ్లో రాసుకుంటే తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు.

90 రోజుల తర్వాత

కొనాలా, కొనసాగించాలా, ఆపేయాలా అన్నది అప్పుడు తేల్చుకోండి. మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు అడగండి. 90 రోజుల్లో కనీసం 60 రోజులు వాయించానా? మొదటి వారం రికార్డింగుకీ చివరి వారందానికీ తేడా వినిపిస్తోందా? ఎవరూ వినకపోయినా ఆ అరగంట నాకు బాగుందా? మూడింటికీ అవునంటే కొనసాగించండి. మొదటిదానికే కాదని వస్తే అద్దె సెల్లో తిరిగి ఇచ్చేయండి. పోయింది మూడు నెలల అద్దే తప్ప కెరియర్ కాదు.

ప్లేస్‌మెంట్ల సమయంలో పూర్తిగా మానేయడం కన్నా 15 నిమిషాలకు తగ్గించుకోండి. వృత్తిగా తీసుకోవాలన్న ఆలోచన వస్తే చదువు మధ్యలో ఆపకండి. 5వ గ్రేడు స్థాయి దాటాక, మీకు నేర్పని మరో సెల్లో కళాకారుడి ముందు వాయించి ఆయన అభిప్రాయం అడగండి. సొంత గురువు, స్నేహితులు మెచ్చుకున్నారని నిర్ణయం తీసుకోవద్దు.

పాబ్లో కసాల్స్‌కు 13 ఏళ్ల వయసులో, 1890లో, బార్సిలోనాలోని ఒక పాత సరకుల దుకాణంలో బాఖ్ రాసిన ఆరు సెల్లో సూట్ల స్వరలిపి దొరికింది. వాటిని సభలో వాయించే ధైర్యం చేయడానికి ఆయనకు పన్నెండేళ్లు పట్టింది. ఆరింటినీ రికార్డు చేసింది 1936-39 మధ్య. సెల్లో చరిత్రలో అంతటి పేరున్నవాడే అన్నేళ్లు ఆగాడు. మీరు మూడు నెలల్లో శంకరాభరణం ఎనిమిది స్వరాలు శ్రుతిగా పలికించగలిగితే అది తక్కువేం కాదు. రేపు అద్దెకు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. తీసుకొచ్చిన రోజున ముందు చేయాల్సిన పని నాలుగు తీగలూ శ్రుతి చేసి, ఖాళీ డి తీగ మీద ఒక పొడవాటి కమాను నిదానంగా లాగడం.